గిచ్చే గది

పిల్లల వార్డులో చివరి గదికి నంబరు ఉంది కానీ, ఆ నంబరుతో దాన్ని ఎవరూ పిలవరు. నర్సులు, ఆయాలు, ఆఖరికి డాక్టర్లు కూడా 'గిచ్చే గది' అనే అంటారు.

రెండు మంచాలు, ఒక సింకు, ఒక ఇనుప స్టూలు, బట్టలుతికే షెడ్డు వైపు ఒక కిటికీ. అంతే. పగలు చూస్తే అంత మామూలు గది ఇంకోటి ఉండదు. రాత్రి మాత్రం ఆ స్టూలు మీద కూర్చుని ఎవరైనా కునుకు తీశారా... గిచ్చుతుంది.

చెయ్యి మీదో బుగ్గ మీదో కాదు. సరిగ్గా పొట్ట మీద, బొడ్డు పక్కన. రెండు వేళ్లతో చర్మం పట్టుకుని, పైకి లాగి... ఒక్క క్షణం ఆపి... వదిలేస్తుంది. కళ్లు తెరిచి చూస్తే ఎవరూ ఉండరు. పొద్దున్నకి అక్కడ కమిలిన మచ్చ ఉంటుంది.

ఇదంతా నాకు మా వదిన చెప్పింది. వదిన ఆ వార్డులోనే నర్సు. ఉన్నదానికి రంగులు పూసే మనిషి కాదు. కూరలో ఉప్పు ఎక్కువైతే, వండింది అత్తగారని కూడా చూడకుండా మొహం మీదే చెప్పేస్తుంది. అలాంటి మనిషి ఈ సంగతి చెప్పినంతసేపూ గొంతు తగ్గించే మాట్లాడింది.

"పొట్ట మీదే ఎందుకు గిచ్చుతుంది వదినా?" అని అడిగాను.

"వాంతులు, విరేచనాలతో వచ్చిన పిల్లలకి మేం చూసేది అక్కడే. చర్మం పట్టుకుని వదిలితే ఠక్కున సర్దుకోవాలి. ముడత అలాగే నిలబడి మెల్లగా దిగిందంటే... ఒంట్లో నీళ్లు అయిపోతున్నట్టు."

ఆ గదికి ఆ పేరు రావడం వెనక ఒక పాత కథ ఉంది. వదిన చేరడానికి పన్నెండేళ్ల ముందు మాట. ఒకావిడ ఏడాదిన్నర కొడుకుని ఎత్తుకుని వచ్చింది. వాంతులు, విరేచనాలు. ఆ గదిలోనే చేర్చుకున్నారు. ఆ రాత్రి ఆవిడ మూడుసార్లు నర్సు బల్ల దగ్గరికి వెళ్లిందట — బాబు కళ్లు లోపలికి పోయాయి, చెంచా పెడితే మింగడం లేదు, ఒకసారి వచ్చి చూడండి అని. నర్సు బల్ల మీద తలపెట్టుకుని నిద్రపోతోంది. మూడోసారి తల కూడా ఎత్తకుండా, "పడుకున్న పిల్లాణ్ణి లేపకమ్మా, నువ్వూ పడుకో" అంది.

తెల్లారేసరికి బాబు లేడు.

కేస్ షీట్‌లో మాత్రం — తల్లి రాత్రంతా ఏమీ చెప్పలేదు, పిల్లవాడికి పట్టాల్సిన ఓఆర్ఎస్ నీళ్లు పట్టలేదు — అని రాసి ఉంది. కొడుకుని చంపుకున్న తల్లి అన్న పేరు మోసుకుని ఆవిడ వెళ్లిపోయింది. నెల తిరక్కుండానే ఆవిడ కూడా పోయిందని ఎవరో అన్నారు. ఇంకెవరో నూతిలో పడిందన్నారు. నోరు మారేకొద్దీ చావు మారింది కానీ, చచ్చిపోయిందన్న మాట మాత్రం మారలేదు. గిచ్చడం మొదలైంది ఆ తర్వాతే.

ఆ నర్సు ఎవరో ఎవరూ చెప్పరు. అడిగితే మాట మార్చేస్తారు.

వదినకి ఆ గది ఎదురైంది ఉద్యోగంలో చేరిన మూడు నెలలకి. ఆ వార్డుకి పెద్ద దిక్కు హెడ్ సిస్టర్. వెనకాల అందరూ 'బెత్తం' అనేవాళ్లు — మనిషీ అలాగే సన్నగా నిటారుగా ఉండేది, మాటా అలాగే తగిలేది. కానీ పిల్లల జబ్బుల గురించి ఆవిడ చెప్పినట్టు ఇంకెవరూ చెప్పలేరని వదిన ఇప్పటికీ అంటుంది. దగ్గే పిల్లలు డొక్కలు ఎగరేస్తున్నారేమో బట్ట తీసి చూడమనేది. ఊపిరి లెక్కపెడితే నిమిషం నిండా లెక్కపెట్టమనేది. "ఏడ్చే పిల్లకి భయపడకు. ఏడుపు మానేసిన పిల్లకి భయపడు," అనేది.

ఇంత తెలిసిన ఆవిడ చీకటి పడ్డాక ఆ చివరి గది గడప మాత్రం తొక్కేది కాదు. ఆవిడకీ దెయ్యమంటే భయమేనని ఆయాలు చాటుగా నవ్వుకునేవాళ్లు.

ఆ నెల ఎక్కడ చూసినా వాంతులు, విరేచనాలే. మంచానికి ఇద్దరేసి పిల్లలు. చోటు లేక, తాళం వేసి ఉంచే ఆ గది తెరిచారు. ఒక రెండేళ్ల పిల్లని అక్కడ పెట్టి, వదినకి నైట్ డ్యూటీ వేశారు. రెండో మంచం తుప్పు పట్టిందని గోడకి నిలబెట్టేశారు.

సాయంత్రం ఆ పిల్ల ఏడుస్తూనే ఉంది. చెంచాతో నీళ్లు పడుతుంటే గ్లాసే లాక్కోబోయింది. అంత దాహం. పిల్లలు అలా చిరాకు పడుతూ ఆబగా తాగుతున్నారంటే నీళ్లు తగ్గుతున్నాయని గుర్తు, అయినా తాగుతున్నారు కాబట్టి ఇంకా నోటితోనే పట్టొచ్చు. నిమిషానికో చెంచా చొప్పున పట్టమని వదిన ఆ తల్లికి చూపించింది. కక్కితే పది నిమిషాలు ఆగి మళ్లీ పట్టమంది.

తల్లి దారం మిల్లులో పనిచేసే మనిషి. రెండు రాత్రులుగా కంటి మీద కునుకు లేదు. పన్నెండు దాటాక చెంచా చేతిలో ఉండగానే తూలిపోతుంటే, వదినే అంది, "కాసేపు నడుం వాల్చమ్మా, నీళ్లు నేను పడతాను."

ఆవిడ ఆవలి వైపు కింద పడుకుంది. ఒకటిన్నరకి పిల్ల ఏడుపు ఆపేసింది. హమ్మయ్య, నిద్రపోయింది అనుకుంది వదిన. అప్పటికి పొద్దుటి డ్యూటీ కూడా కలిపి పదహారు గంటలుగా నిలబడి ఉంది. స్టూలు మీద కూర్చుని గోడకి ఆనుకుంది. రెప్ప వాలింది...

గిచ్చింది.

చిన్నగా కాదు. పసుపు కొమ్ము విరిచేంత పట్టు. పైకి లాగి, ఆపి, వదిలింది.

వదిన లేచి నిలబడింది. గదిలో ఎవరూ లేరు. తల్లి అవతల మొహం గోడకి తిప్పుకుని పడుకునే ఉంది. కిటికీ మూసే ఉంది. వదిన తలుపు వైపు రెండడుగులు వేసింది కూడా. అప్పుడు పిల్ల మొహం కనబడింది.

కళ్లు గుంటలు పడి ఉన్నాయి. రెప్పలు సగం తెరుచుకుని తెల్లగుడ్డు కనిపిస్తోంది. పిలిస్తే కదల్లేదు. పెదవుల మధ్య చెంచా పెడితే నీళ్లు పక్కకి కారిపోయాయి. వదిన గౌను పైకి తీసి, తనని గిచ్చిన చోటే పిల్లకి చర్మం పట్టుకుని వదిలింది.

ముడత దిగలేదు. ఒకటి... రెండు... మూడు... అప్పుడు దిగింది.

అది నిద్ర కాదు.

డ్యూటీ డాక్టర్‌కి ఫోన్ చేసింది. ఆయన కింద అప్పుడే పుట్టి ఊపిరి తీసుకోని బిడ్డతో ఉన్నాడు. "సెలైన్ పెట్టేయండి, వచ్చేస్తున్నా," అన్నాడు. సెలైన్ పెట్టాలంటే నరం దొరకాలి. నీరు లేని ఒంట్లో నరాలు దారాల్లా అతుక్కుపోతాయి. వదిన ఒక చేతికి గుచ్చింది, తప్పింది. రెండో చేతికి గుచ్చింది, అదీ తప్పింది. పిల్ల సూది గుచ్చినా ఏడవలేదు. అది చూశాకే తనకి నిజంగా భయమేసిందని చెప్పింది.

ఆయాని హెడ్ సిస్టర్ కోసం పంపింది. ఆ రాత్రి సూపర్‌వైజర్ ఆవిడే. పరుగున వచ్చి... గడప దగ్గర ఆగిపోయింది.

"పిల్లని ఇటు బయటికి తీసుకురా."

"టైమ్ లేదు సిస్టర్."

"నీకేగా చెప్పేది, బయటికి..."

"సిస్టర్, పిల్ల ఏడవడం మానేసింది."

హెడ్ సిస్టర్ కళ్లు ఒక్కసారి మూసుకుని తెరిచింది. గడప దాటింది.

స్టూలు లాక్కుని పిల్ల కాలు ఒళ్లోకి తీసుకుంది. చీలమండ దగ్గర బొటనవేలితో రాసి రాసి వెతికింది. ఒక్క గుచ్చు. సూదిలోకి రక్తం వెనక్కి వచ్చింది. సెలైన్ ధారగా దిగడం మొదలైంది. ఈ అలికిడికి తల్లి లేచి పిల్ల తల ఒళ్లో పెట్టుకుంది.

అప్పుడు, సింకు వైపు నుంచి, చెవి దగ్గర గుసగుసలాడినట్టు వినిపించింది.

"అయితే... చేతనవుతుందన్నమాట."

తల్లి మాట్లాడిందేమోనని వదిన చూసింది. ఆవిడ నోరు మూసే ఉంది. హెడ్ సిస్టర్ మొహంలో మాత్రం రక్తపు చుక్క లేదు.

"అమ్మాయ్," అంది మెల్లగా, "ఇంకో బాటిల్ తీసుకురా. వెళ్లు."

వదిన స్టోరుకి వెళ్లి రావడానికి రెండు నిమిషాలు పట్టి ఉంటుంది. వచ్చేసరికి తలుపు మూసి ఉంది. గడియ పెట్టిన చప్పుడు లేదు, లోపల గడియే లేదు. అయినా తోస్తే కదల్లేదు. భుజంతో తోసింది. గోడని తోసినట్టే ఉంది.

లోపల హెడ్ సిస్టర్ మాట్లాడుతోంది. ఎవరో అడుగుతుంటే జవాబు చెప్తున్నట్టు, మధ్యమధ్య ఆగుతోంది.

"అవును... నిద్రపోయాను."

"...మూడుసార్లు వచ్చావు. మూడూ గుర్తున్నాయి."

"...నేనే రాశాను. ఉద్యోగం పోతుందని రాశాను."

"...నీళ్లు. కాసిని నీళ్లు తాగనీ."

పంపు తిప్పిన చప్పుడు. గటగటా తాగుతున్న చప్పుడు. అది ఎంతకీ ఆగలేదు. వదిన చేతిలో బాటిల్ పట్టుకుని నిలబడిపోయింది. లోపలున్నది పిల్లా, పిల్ల తల్లీ. మళ్లీ భుజం వేసి తోసింది. కదల్లేదు.

చాలాసేపటికి లోపల పిల్ల ఏడ్చింది. "నీయ్యు..." అని ముద్దముద్దగా అడిగింది.

తలుపు దానంతట అదే తెరుచుకుంది.

పిల్ల తల్లి ఒళ్లో ఏడుస్తోంది. బుగ్గల మీద కన్నీళ్లు జారుతున్నాయి. కన్నీళ్లు వచ్చాయంటే ఒంట్లోకి నీరు వచ్చినట్టే. అటువైపు సింకు దగ్గర హెడ్ సిస్టర్ నేల మీద కూర్చుని ఉంది. పంపు ధారగా కారుతోంది. ఆవిడ జాకెట్టంతా తడిసి ఉంది. మనిషి మాత్రం...

కళ్లు గుంటల్లోకి దిగిపోయాయి. పెదవులు బీటలు వారాయి. పిలిస్తే పలకలేదు. వదిన ఆవిడ ముంజేతి మీద చర్మం పట్టుకుని వదిలింది. ముడత అలాగే నిలబడిపోయింది.

గంట కిందట పిల్లకి సెలైన్ పెట్టిన చేతులవి.

తల్లిని అడిగితే, "ఎవరూ రాలేదు సిస్టరమ్మా," అంది. "ఆవిడే గోడకేసి చూస్తూ తనలో తను మాట్లాడుకుంది. దోసిళ్లకి దోసిళ్లు నీళ్లు తాగింది. తాగేకొద్దీ... ఎండిపోయింది."

డాక్టర్ వచ్చి షుగర్ అయి ఉంటుందన్నాడు. పరీక్ష చేస్తే షుగర్ లేదు. రెండో పరీక్షలో కూడా ఏమీ లేదు. మూడు రోజులు సెలైన్ మీద ఉంచారు. నాలుగో రోజు నోరు పెగిలింది. ఆవిడ అడిగింది కాగితం, కలం.

పన్నెండేళ్ల కిందట ఆ బాబు తల్లి మూడుసార్లు వచ్చి చెప్పిందనీ, నిద్రపోయింది తనేననీ, కేస్ షీట్‌లో అబద్ధం రాసింది తనేననీ రాసి సంతకం పెట్టింది. పెద్ద డాక్టర్ వచ్చి, "ఎప్పుడో అయిపోయినదాన్ని ఇప్పుడెందుకు తవ్వడం? రిటైరయ్యే ముందు ఇదేంటి?" అన్నాడు. ఆవిడ కాగితం వెనక్కి తీసుకోలేదు. ఉద్యోగం పోయింది. దాని నకలు ఆ తల్లి పాత అడ్రసుకి పంపించమని వదిన చేతులు పట్టుకుని అడిగింది. మనిషి లేకపోయినా, ఇంట్లోవాళ్లయినా చదువుకుంటారు, ఆవిడ మీద పడ్డ మచ్చ పోతుంది అంది.

వదిన పోస్టు చేసింది. తొమ్మిదో రోజు ఒకావిడ వార్డుకి వచ్చింది. నలభై ఏళ్లుంటాయి. మెడలో కొలతల టేపు. కుట్టుమిషను ముందు నుంచి లేచి అలాగే వచ్చినట్టుంది. చేతిలో ఆ ఉత్తరం.

"మీరు ఆవిడకి ఏమవుతారమ్మా?" అడిగింది వదిన.

"ఎవరికి?"

"ఆ బాబు వాళ్లమ్మకి. చనిపోయిందన్నారు."

"నేనెందుకు చచ్చిపోతాను?" అంది ఆవిడ. "ఆ బాబుకి అమ్మని నేనే."

వదిన ఆవిడని ఇంకా ఆస్పత్రిలోనే ఉన్న హెడ్ సిస్టర్ మంచం దగ్గరికి తీసుకెళ్లింది. ఇద్దరూ చాలాసేపు ఒకరినొకరు చూసుకున్నారు. హెడ్ సిస్టర్ చేతులు జోడించింది. ఆవిడ ఆ చేతుల్ని చూసింది కానీ పట్టుకోలేదు, వద్దనీ అనలేదు.

"మా అత్తగారు పోయేదాకా నన్ను 'బిడ్డని చంపుకున్నదానా' అనే పిలిచింది," అని మాత్రం అంది. వెనక్కి తిరిగింది.

వరండాలో వదిన ఆవిడ వెంట నడుస్తూ, అడగాలా వద్దా అనుకుంటూనే అడిగేసింది. "అమ్మా... ఈ పన్నెండేళ్లలో మీరు ఎప్పుడైనా ఇక్కడికి వచ్చారా?"

"ఈ వీధిలోకి కూడా రాలేదు." అంది ఆవిడ. "కానీ రోజూ పడుకునే ముందు ఒక్కటే అనుకునేదాన్ని. ఆ గదిలో ఎవరికీ నిద్ర పట్టకూడదు అని. అనుకుంటూ అనుకుంటూ నిద్రపోయేదాన్ని."

వదిన ఆవిడ చేతుల వైపు చూసింది.

"కొన్ని రోజులు పొద్దున్న లేచేసరికి ఈ రెండు వేళ్లకీ స్పిరిట్ వాసన వచ్చేది." బొటనవేలూ చూపుడువేలూ దగ్గరికి తెచ్చి చూపించింది. "ఎంత కడిగినా పోయేది కాదు. ఈమధ్య ఒక పొద్దున్నైతే చేతులు మోచేతుల దాకా తడిసిపోయి ఉన్నాయి. దుప్పటి మాత్రం పొడిగానే ఉంది."

మెట్ల దగ్గరికి వచ్చారు. వదిన ఆగింది. ఇంకొకటి అడిగింది.

"ఇప్పుడు... కోపం పోయిందా అమ్మా?"

ఆవిడ ఉత్తరం మడిచి జాకెట్లో పెట్టుకుంది. నిజంగానే ఆలోచించింది.

"ఏమో," అంది. "ఈ రాత్రి నిద్రపోతే తెలుస్తుంది."