రాయి తాగే నీళ్ళు

"మీ అన్నయ్యది ప్రమాదం కాదు. లిఫ్ట్ రాకుండానే తలుపు తెరుచుకునేలా చేశారు. హత్య," అన్నాడు పెద్దాయన.

ఎదుట కూర్చున్నది గూఢచారి శాఖ ఏజెంట్. డిపార్ట్‌మెంట్‌లో అతని పేరు నత్త. తొందరపడడు, పట్టింది వదలడు. ఏడుపు విషయంలోనూ అంతే. అన్నయ్య పోయి వారాలవుతున్నా ఇంకా మొదలుపెట్టలేదు.

"ఆయన తయారుచేసిన రిజర్వాయర్ మోడల్‌ని, అదే మన చమురు క్షేత్రం కంప్యూటర్ నమూనాని, పరాయి దేశపు ముఠా మార్పించింది. రేపు పొద్దున చమురు కంపెనీ చైర్మన్ బటన్ నొక్కి, మోడల్ చెప్పిన స్పీడులో భూమిలోకి నీళ్ళు పంపిస్తాడు."

"స్పీడెక్కువైతే?"

"అది పగుళ్ళ రాయి. పగుళ్ళు వీధులనుకో, చమురు ఇళ్ళల్లో ఉంది. నిదానంగా పంపితే రాయి నీళ్ళు తాగి చమురు వదులుతుంది. తోసి పంపితే నీళ్ళు వీధుల వెంట పరుగెత్తి చమురు బావుల్లో పడతాయి. ఇళ్ళల్లో చమురు ఇళ్ళల్లోనే. ఇక జన్మంతా వాళ్ళ దగ్గరే కొనుక్కోవాలి."

"చైర్మన్‌కి చెప్పొచ్చుగా?"

"రుజువడుగుతాడు. లోపల మన మనిషి ఉంది, మారుపేరు నెమలి. 'రాయికి దాహమా' అని అడుగు. 'ఆగితే తాగుతుంది' అంటుంది."

మర్నాడు నత్త ఏసీ మెకానిక్ వేషంలో కంపెనీ మోడలింగ్ రూంలో అడుగుపెట్టాడు. పెట్టుడు మీసం, కెమెరా కళ్ళజోడు. కళ్ళజోడు మాటిమాటికీ ముక్కు మీంచి జారుతోంది. డిపార్ట్‌మెంట్ గాడ్జెట్లన్నీ అంతే, అన్నీ చేస్తాయి, నిలబడవు.

"రాయికి దాహమా?" అన్నాడు ఏసీతో.

వెనక కుర్చీ తిరిగింది. ఎర్ర లిప్‌స్టిక్, మెడలో సిల్కు స్కార్ఫ్.

"ఆగితే తాగుతుంది," అంది వదిన. కాసేపు చూసి, "ఆ మీసం నీకు నప్పలేదు మరిదీ," అంది.

ఒకే బల్ల దగ్గర భోంచేసిన ముగ్గురిలో ఇద్దరు గూఢచారులు. అన్నయ్య కూర చల్లారేదాకా రాళ్ళ గురించి చెప్పేవాడు. వీళ్ళిద్దరూ వాన వస్తుందా రాదా అని మాట్లాడుకునేవాళ్ళు.

"ఆయన మిగిల్చిన పని నేనే పూర్తిచేశాను. చూడు," అంటూ స్క్రీన్ చూపించింది. బావుల పాత దిగుబడి చుక్కలు. మోడల్ గీత వాటన్నిటి మీదుగా వెళ్ళింది. ఒక్క చుక్క తప్పలేదు.

నత్త కళ్ళజోడు సర్దుకుని మళ్ళీ చూశాడు. భూమి లోపలికి దిగి చూసొచ్చినవాడు లేడురా, అనేవాడు అన్నయ్య. గీత అచ్చుగుద్దినట్టు కలిసిందంటే, ఎవరో కూర్చుని పగుళ్ళని తమకు కావలసినట్టు జరిపారన్నమాట.

"ఇది అన్నయ్య గీత కాదు వదినా. ఆయనది అక్కడక్కడా తప్పేది."

ఆమె బ్యాగులోంచి లిప్‌స్టిక్ తీసింది. మూత తీస్తే రంగుకి బదులు తూటా కనబడింది. అది నత్త గుండెకేసి ఉంది.

"మోడల్ ఒక్కటే కావాలన్నారు. ఆయన జోలికి రామన్నారు."

"నమ్మావా?"

"నమ్మాను. ఆయన పట్టేశాడు. ఎవరో మార్చారే అని నా దగ్గరికే వచ్చి చెప్పాడు పిచ్చిమనిషి. ఆ మాట వాళ్ళకి చేరవేసింది నేనే."

గోడ మీది టీవీలో చైర్మన్ ఉపన్యాసం ముగిసింది. చప్పట్లు మొదలయ్యాయి.

మోడల్ మీద సంతకం పెట్టినవాళ్ళకే పంపుల్ని ఆపే పాస్‌వర్డ్ ఉంటుంది. ఆపితే కారణం రాయాలి.

"నన్ను కాల్చాలంటే కాల్చుకో," అన్నాడు నత్త. "ముందు అది ఆపు. ఆయన బతుకంతా ఆ రాయే."

లిప్‌స్టిక్ బల్ల మీద పెట్టేసి ఆమె కీబోర్డు వైపు తిరిగింది. కారణం: మోడల్ అబద్ధం. మార్చింది నేనే.

చైర్మన్ బటన్ నొక్కాడు. ఏమీ కాలేదు. మళ్ళీ నొక్కాడు. ఎంత పెద్దవాళ్ళ వేలి మాటైనా చెల్లని రోజొకటి ఉంటుంది.

వదిన చేతులు చాపింది. "ఇంటి తాళాలు బ్యాగులో ఉన్నాయి. మొక్కలు ఎండిపోతున్నాయి, నాకు పొయ్యబుద్ధి కావట్లేదు," అంది. ఆమె గాజులు పక్కకి జరిపి, నొప్పి పుట్టకుండా బేడీలు వేశాడు.

వదినతో వ్యాన్ కదిలాక పెద్దాయన ఫోన్ చేశాడు. "శభాష్. వారం సెలవు తీసుకుని ఇంటికెళ్ళు. మీవాళ్ళతో గడుపు."

"మావాళ్ళందర్నీ ఇప్పుడే మీ వ్యాన్ ఎక్కించాను సార్," అన్నాడు నత్త. "సాయంత్రానికి మీ దగ్గరికొస్తారు."