లక్ష్మీనరసమ్మ నూలు

ఆ ఆదివారం పొందూరులోని ఆ ఇంట్లో అందరికన్నా ముందు లేచింది లక్ష్మీనరసమ్మే. స్నానం చేసి, పెట్టెలోని మంచి ఖాదీ చీర కట్టుకుని, వీధరుగు మీద కూర్చుని వాలుగ చేప దవడతో పత్తి దువ్వుతోంది. ఆ దవడకున్న సన్నటి పళ్ళ మీదుగా పత్తిని కొంచెం కొంచెంగా లాగి, నలక లేకుండా చెయ్యాలి. తరవాత దాన్ని చిన్న చిన్న ఏకులుగా చుట్టాలి. ఆ ఏకుల నుంచే రాట్నం మీద నూలు వస్తుంది. ఆవిడకి డెబ్బై రెండేళ్ళు, కళ్ళు మూడొంతులు పోయాయి. కానీ ఈ పనికి కళ్ళతో పనిలేదు, అన్నీ వేళ్ళే చూసుకుంటాయి.

కోడలు ఈశ్వరి టీ గ్లాసు తెచ్చి చేతికి అందించింది.

"ఒసే ఈశ్వరీ, బండి ఎన్నింటికి వస్తాదంది విశాలి?"

"ఎనిమిదికి అత్తా."

"రాట్నం జాగర్తగా ఎక్కించమని మీ ఆయనకి సెప్పు. కదురు వంగిందంటే విజీనగరంలో నా పరువు పోతాది." ఒక గుక్క తాగి, వేళ్ళ కొసలు ఒకదానికొకటి రుద్దుకుంది. "ఈమజ్జిన నూలు యేళ్ళకి లావుగా తగులుతన్నాదే. నూలు పట్టుకెళ్ళే నాగబాబేమో యెంట్రుకంత సన్నం పెద్దమ్మా అంటాడు. ఈ యేళ్ళు మొద్దుబారిపోనాయి గావాల."

అని తనే నవ్వింది. ఈశ్వరికి నవ్వు రాలేదు. పదిహేను రోజులుగా ఆమెకి అన్నం కూడా సరిగ్గా సహించడం లేదు.

విశాలి లక్ష్మీనరసమ్మ కూతురు. విజయనగరంలో కొత్తగా పెట్టిన ఆర్ట్ మ్యూజియంలో, జనం కోసం జరిపే కార్యక్రమాలన్నీ ఆమె చేతి మీదుగానే జరుగుతాయి. ఒక ఆదివారం పిల్లలకి బొమ్మలు వెయ్యడం, ఒక ఆదివారం తప్పెటగుళ్ళు, ఒక ఆదివారం కుమ్మరి సారె. ఈ ఆదివారం తల్లినే పిలిచింది. 'వంద కౌంటు నూలు వడికే లక్ష్మీనరసమ్మ గారితో ఒక ఉదయం' అని బొమ్మతో సహా అచ్చేసి ఫోనుల్లో అందరికీ పంపింది. వంద కౌంటంటే కంటికి ఆననంత సన్నం. ఆ నూలు తీసే చేతులు ఇప్పుడు ఊళ్ళో నాలుగో అయిదో ఉంటాయి. వాటిలో లక్ష్మీనరసమ్మ చెయ్యి లేదు. ఆ సంగతి లక్ష్మీనరసమ్మకి తెలియదు.

రెండేళ్ళ కిందట శ్రీకాకుళం డాక్టరు, పొర కాదు, కంటి వెనక నరం ఎండిపోయిందని చెప్పాడు. ఆ మరుసటి నెల, ఖాదీ సంఘానికి నూలు పట్టుకెళ్ళే నాగబాబు నూలు చుట్టిన చిలప చేత్తో పట్టుకుని చూసి, గుమ్మం బయటకొచ్చి ఈశ్వరితో మెల్లగా అన్నాడు. "వదినా, ఇది నూలు కాదు, తాడు. పెద్దమ్మకి నువ్వే సెప్పాల."

ఎలా చెబుతుంది? ఈశ్వరి కళింగపట్నం దగ్గరి పల్లె నుంచి పంతొమ్మిదో ఏట ఆ ఇంటికి కోడలుగా వచ్చింది. వరి నాట్లు తప్ప మరో పని తెలియదు. అత్తే ఈశ్వరి వెనక కూర్చుని, ఆమె చేతిని తన చేతిలో పట్టుకుని, పోగు తెగిన ప్రతిసారీ తిట్టకుండా మళ్ళీ అతికించి నేర్పింది. అలాంటి మనిషితో నీ చెయ్యి పోయిందని అనడానికి నోరు రావద్దా? రాలేదు. మధ్యాహ్నం అత్త కునుకు తీసే వేళ ఆవిడ చుట్టిన ఏకులతోనే తను వడకడం, నెలాఖరుకి అత్త చిలపలు తీసేసి తనవి పెట్టడం మొదలుపెట్టింది. నాగబాబుని బతిమాలుకుంది. అతనూ జాలిపడి, వెంట్రుకే పెద్దమ్మా అనడం మొదలుపెట్టాడు. మొగుడు త్రినాథ్‌కి ఎలక్ట్రికల్ షాపు తప్ప ఇంట్లో ఏ డబ్బాలో ఏముందో కూడా తెలియదు. విశాలికి చెప్పుకుందామంటే ఆమె నోట్లో నువ్వుగింజ నానదు, సాయంత్రానికల్లా తల్లి చెవిన వేసేస్తుంది. చెబితే ముసలిప్రాణం కుంగిపోతుంది, చెప్పకపోతే వందమందిలో తలవంపు. ముందు నుయ్యి, వెనక గొయ్యి.

ఎనిమిదయ్యేసరికి విశాలి కారు దిగనే దిగింది. ఈశ్వరి ఆఖరి ప్రయత్నం చేసింది.

"అత్తకి రాత్రి నుంచి నడుం నొప్పంట విశాలీ. వచ్చే నెల సూసుకుందాం."

"నాకేటి నొప్పి? నిక్షేపంలాగున్నాను," అని అరుగు మీద నుంచి వినిపించింది. ముసలావిడకి కళ్ళు పోయాయి గానీ చెవులు పాము చెవులు.

విశాలి వదిన చెయ్యి పట్టుకుని వంటింట్లోకి లాక్కెళ్ళింది. "ఏటి వదినా ఇది? ఒకసారి జొరమంటావు, ఒకసారి వర్షమంటావు. అమ్మని నలుగురూ సూస్తే నీకేటి బాధ?"

"అది కాదే..."

"మరేటి? సెప్పు, వింటాను."

గొంతు దాకా వచ్చింది మాట. పది అడుగుల దూరంలో అత్త ఉంది. ఈశ్వరి గోడకేసి చూసింది.

"సెప్పలేవులే. ఇరవై ఏళ్ళు మా అమ్మ నీడనుండి, ఇప్పుడు మా అమ్మకి పేరొస్తంటే ఓర్సుకోలేకపోతన్నావు. అంతే కద?"

రాట్నం మోసుకెళ్తున్న త్రినాథ్ గుమ్మంలో ఆగాడు. "ఒసే, ఇంక సాల్లే. అమ్మ అంత సంబరపడతంటే నీకు అడ్డం పడ్డమెందుకు? తోడెళ్ళు, నోర్మూసుకుని కూసో."

ఈశ్వరి చీర మార్చుకుని, అత్త మందులు, దుప్పటి, ఏకులు పెట్టిన ఎండు అరటి దొప్ప సంచిలో సర్దుకుని బండెక్కింది. దారి పొడుగునా అత్త ఈశ్వరి చేతిని వదలలేదు. భయం లేదు గానీ, నలుగురిలో కూర్చోవడం కొత్త కదా అంది.

మ్యూజియంలో చల్లటి పెద్ద హాలు, గోడల నిండా పటాలు. వంద కుర్చీలూ నిండిపోయాయి. కాలేజీ పిల్లలు, రిటైరైన మాస్టార్లు, చంటిపిల్లల తల్లులు. ముందు ఎత్తు మీద చాప, రాట్నం. పక్కన బల్ల మీద, ముట్టుకుని చూడండి అని రాసి, ఒక నూలు చిలప పెట్టారు. దాని ముందు చీటీ: 'వడికినది లక్ష్మీనరసమ్మ, పొందూరు.' ఈశ్వరి చూడగానే పోల్చుకుంది. పోయిన నెల తను వడికిందే.

లక్ష్మీనరసమ్మ చాప మీద కూర్చుని, రాట్నానికి దండం పెట్టి చక్రం తిప్పింది. పోగు తెగింది. తడుముకుని అతికించి మళ్ళీ తిప్పింది. మళ్ళీ తెగింది. ఏసీ గాలికి తెగుతోందని మైకులో చెప్పి విశాలి ఏసీ ఆపించింది. ఈశ్వరి గోడ పక్కన నిలబడి పమిట కొంగు మెలిపెడుతోంది. వెళ్ళి ఆ చెయ్యి పట్టుకోవాలని ఉంది. ఒకప్పుడు తన చెయ్యి ఆవిడ పట్టుకున్నట్టు పట్టుకోవాలని ఉంది. కదల్లేకపోయింది.

మూడోసారి పోగు వచ్చింది. పురికొసంత లావున, ముడులు ముడులుగా, వెనక వరస దాకా కనపడేటట్టు వచ్చింది. ఈశ్వరి కళ్ళు మూసుకుంది.

హాలంతా చప్పట్లు మోగాయి.

కళ్ళు తెరిచి చూస్తే అందరూ ఫోన్లెత్తి ఫొటోలు తీస్తున్నారు. ఎంత సన్నమో అంటోంది ఒకావిడ. ఎవరికీ తెలియలేదు. ఓలమ్మ, బతికిపోనాం అనుకుంది ఈశ్వరి. లక్ష్మీనరసమ్మ ముఖం వెలిగిపోతోంది.

అప్పుడు కళ్ళజోడు పెట్టుకున్న ఒక రిటైర్డ్ టీచరమ్మ, మంచి మనిషే పాపం, బల్ల మీది చిలప తెచ్చి ప్రేమగా ముసలావిడ చేతిలో పెట్టింది. "అమ్మా, ఇదీ మీరు వడికిందేనటగా. పట్టుకుంటే చేతిలో ఏమీ ఉన్నట్టే లేదండీ."

లక్ష్మీనరసమ్మ ఎడమ చేతిలో చిలప. కుడి చేతిలో ఇప్పుడే తీసిన పోగు. దీన్ని రుద్దింది, దాన్ని రుద్దింది. మళ్ళీ దీన్ని. వెలిగిన ముఖం నెమ్మదిగా మామూలైంది, తరవాత మామూలుగా కూడా లేకుండా పోయింది.

"ఈశ్వరీ."

"అత్తా."

"ఇలారా. రాట్నం దగ్గర కూసో."

"వద్దత్తా..."

"కూసోమన్నాను. వడుకు."

గొంతులో కోపం లేదు. అందుకే ఈశ్వరికి భయమేసింది. ఈశ్వరి కూర్చుని, అత్త చుట్టిన ఏకు తీసుకుని, చక్రం తిప్పింది. పోగు వచ్చింది. వచ్చినట్టు ఎవరికీ కనిపించలేదు. ముందు వరసలో ఒకతను తెగిపోయిందా అని అడిగాడు. ఏమీ కనపడ్డం లేదే అంది ఇంకొకామె. కాసేపు చూసి, ఒక్కొక్కరే లేచి టీలూ సమోసాలూ ఇస్తున్న వైపు వెళ్ళిపోయారు.

లక్ష్మీనరసమ్మ మాత్రం చెయ్యి చాపి, ఆ పోగు కింద రెండు వేళ్ళు ఆనించి అలాగే కూర్చుంది. విశాలి వంగి ఆ పోగుని చూసింది. బల్ల మీది చీటీ చూసింది. వదిన ముఖం చూసింది. మైకు పట్టుకున్న చెయ్యి కిందికి దిగిపోయింది.

తిరుగు ప్రయాణంలో చీపురుపల్లి దాటాక ముసలావిడ కోడలి వైపు తిరిగింది. ముందు డ్రైవరు పక్కన విశాలి, వెనక అత్తా కోడలు.

"ఎన్నాళ్ళయినాది?"

"రెండేళ్ళత్తా."

"నాగబాబుకి తెలుసా?"

"తెలుసు. మా ఇద్దరికే. ఇంకెవరికీ తెల్దు."

"కళ్ళు పోనాయని డాక్టరు సెప్పినప్పుడు నానేడిసానేటే?"

"నేదత్తా."

"సేతి యేళ్ళున్నాయి కద అనుకున్నాను. ఆ యేళ్ళు రోజూ నాకు నిజమే సెప్పినాయి, లావొస్తన్నాది ముసిలిదానా అని. మీరు సన్నం సన్నం అన్నారు. నాను మిమ్మల్ని నమ్మి, నా యేళ్ళని తిట్టుకున్నాను. కళ్ళు దేవుడు తీసీసుకున్నాడు. యేళ్ళు నువ్వు తీసీసుకున్నావు కదే."

ఈశ్వరికి ఏడుపు తన్నుకొచ్చింది. నిజం బయటపడితే అత్త ఏమైపోతుందోనని రెండేళ్ళు భయపడింది. దాచిన అబద్ధం రోజూ ఆ మనిషిని ఏం చేస్తోందో ఒక్కనాడూ ఆలోచించలేదు. పొద్దున్నే అరుగు మీద ఆ వేళ్ళు రుద్దుకోవడం కళ్ళ ముందు కదిలింది.

విశాలి వెనక్కి తిరిగింది. కళ్ళు ఎర్రగా ఉన్నాయి. "వదినా, పొద్దున్న వంటింట్లో నానన్న మాట..."

"ఇప్పుడొద్దు విశాలీ."

కారులో చలికి ముసలావిడ మోకాళ్ళు ముడుచుకుంది. ఈశ్వరి సంచిలోంచి దుప్పటి తీసి కప్పింది. పోయిన చలికాలం పక్క వీధి నేతగాడు రాముడి మగ్గం మీద నుంచి వచ్చిన దుప్పటి అది. ఎక్కడి నూలో గాని ఒంటికి యెచ్చగుంతాది అని అత్త పదిసార్లు మెచ్చుకుంది. ఇప్పుడు ఆవిడ అలవాటుగా దుప్పటి అంచుని రెండు వేళ్ళతో పట్టుకుంది. వేళ్ళు ఆగాయి. మెల్లగా రుద్దాయి. ఈసారి ఎవరినీ అడగలేదు.

"ఇది నాది," అంది.

"అవునత్తా. పడుగు రాముడు మావ ఏసినాడు. అడ్డం పేకంతా నువ్వు వడికిన నూలే. పారెయ్యడానికి నాకు సెయ్యి రానేదు. ఒక్క పోగు పారెయ్యనేదు."

లక్ష్మీనరసమ్మ దుప్పటి ముఖానికి అడ్డం పెట్టుకుని ఏడ్చింది. డాక్టరు దగ్గర ఏడవని మనిషి, చిన్నపిల్లలా వెక్కివెక్కి ఏడ్చింది. విశాలి సీటు మీదుగా చెయ్యి చాపి తల్లి మోకాలి మీద పెట్టింది. అంతకన్నా ఎవరికీ ఏమీ చేతకాలేదు.

ఏడుపు తగ్గాక ఆవిడ అడిగింది. "రేపటి నుంచి పొద్దున్నే లెగిసి నానేటి సెయ్యాలే?"

బయట కోసేసిన చేలు వెనక్కి పోతున్నాయి. ఓదార్పు మాటలు ఈశ్వరికి చాలానే తెలుసు. కానీ రెండేళ్ళుగా చెప్పినవన్నీ ఓదార్పులే. వాటన్నిటినీ పక్కకి నెట్టి, మిగిలిన ఒక్కటీ చెప్పింది.

"ఏకులు నువ్వే సుడతన్నావు కదత్తా. నాకు సేప దవడ పట్టడం ఇప్పటికీ రాదు, పత్తి తెంపేస్తాను. నీ ఏకు నేకపోతే ఆ నూలే నేదు."

"ఇదీ అబద్ధమేనేటి?"

"నా మాట నమ్మొద్దు. ఇంటికెళ్ళాక నానొక ఏకు సుడతాను. దాన్నీ నీదాన్నీ పట్టుకుని సూడు. నీ యేళ్ళనే అడుగు."

కొంతదూరం పోయాక విశాలి మెల్లగా అడిగింది. "అమ్మా, ఆ బల్ల మీద చీటీలో ఏటి రాయమంటావు?"

"వడికింది ఈశ్వరి అని రాయి."

"ఏకులు సేసింది నువ్వని కూడా రాస్తాను."

"అప్పుడే వద్దు. ముందు సేత్తో పట్టుకుని సూడనీ, నిజమైతే నానే ఫోన్ సేసి సెప్తాను. అంతదాకా ఆ జాగా ఖాళీగా ఒగ్గీ."

పొందూరు పొలిమేర వచ్చింది. లక్ష్మీనరసమ్మ కోడలి చెయ్యి వెతికి పట్టుకుని, బేగి దిగు, దవడ అరుగు మీదే ఒగ్గీసొచ్చాను అంది.