ఆపేసిన ఇంజన్లో చప్పుడు

చీకటి పడ్డాక ఆ ఇంజన్ల రిపేరు షెడ్డు ముందు నుంచి ఎవరూ నడిచేవాళ్ళు కాదు. అటువైపు పనుంటే మార్కెట్ రోడ్డంతా చుట్టి పోయేవాళ్ళు గానీ, దాని ఛాయలకు వచ్చేవాళ్ళు కాదు. షట్టరు దించి ఉంటుంది. లోపల దీపం ఉండదు, మనిషి ఉండడు. ఉన్నట్టుండి— టక్. కాసేపు ఏమీ ఉండదు. హమ్మయ్య అనుకునేలోపు మళ్ళీ... టక్.

ఎలుకలన్నారు మొదట్లో. ఎలుకైతే గీకుతుంది, పరుగెడుతుంది, ఇలా పనివాడిలా ఆగి ఆగి కొడుతుందా? రేకులు చల్లబడి చప్పుడు చేస్తున్నాయన్నారు. వానాకాలం వచ్చినా చప్పుడు పోలేదు. చివరికి పక్క షాపు వెల్డింగ్ బాబాయ్ తేల్చేశాడు— “మలుపులో లారీ కింద పడి చచ్చిపోయాడే, ఆ స్కూటరు మనిషి... వాడి బండి ఈ షెడ్డులోనేగా పడుంది. బాగుచెయ్యమని కొడుతున్నాడు.”

ఇంకేముంది! అన్న నోరు ఒకటి, మోసిన నోళ్ళు వంద. దెయ్యం కొట్టే షెడ్డుకి ఇంజను ఎవడు తెస్తాడు చెప్పండి? అసలే పెద్ద మేస్త్రి మంచాన పడి ఆ ఇల్లు కుంగిపోయి ఉంది. గోరుచుట్టు మీద రోకటిపోటంటే ఇదే మరి.

పెద్ద మేస్త్రి అంటే ఆ షెడ్డు పెట్టినాయన. చెవితో ఇంజన్లకు వైద్యం చేసేవాడని పేరు. పక్షవాతం వచ్చి నోరు పడిపోయింది, ఒళ్ళు పడిపోయింది. ఇల్లున్న మేడ మీదికి ఎక్కించలేక, షెడ్డు వెనకున్న స్పేర్ పార్టుల గది ఖాళీ చేసి, అందులో ఇనుప మంచం వేశారు. డాక్టరు చూసి పెదవి విరిచాడు. “ఊపిరి ఉంది... లోపల మనిషి లేడనుకోండి” అన్నాడు.

ఆ మాటే నమ్మారు. కోడలు వేళకింత పెట్టేది, తుడిచేది, పక్క మార్చేది. పాపం, ఆవిడకు వంక పెట్టడానికి లేదు. రాత్రయితే తలుపు దగ్గరగా వేసి మొగుడూ పెళ్ళాలు మేడెక్కేవాళ్ళు.

కొడుకుని వీధిలో చిన్న మేస్త్రి అంటారు. గిరాకీ పోయాక వేరే ఊళ్ళో ఒక కంపెనీ వర్క్‌షాపులో ఉద్యోగం చూసుకున్నాడు. తండ్రిని వృద్ధాశ్రమంలో చేర్చడానికి ఒప్పుకున్నాడు. ఒప్పుకున్నప్పటి నుంచీ వాడికి తిండి సయించలేదు, నిద్ర పట్టలేదు. ‘మనిషి లేడన్నారు కదా, ఎక్కడుంటే ఏం’ అని తనకు తాను చెప్పుకునేవాడు. చెప్పుకున్నంత మాత్రాన మనసు వింటుందా? ఆశ్రమం కారు తెల్లారితే వస్తుంది.

ఆ చివరి రాత్రి బల్ల మీద ఒకే ఒక్క ఇంజను మిగిలింది. మొక్కల నర్సరీ ఆవిడది, నీళ్ళు తోడే చిన్న పంపు ఇంజను. సిలిండరు బోరు చేయించి, కొత్త పిస్టను, కొత్త రింగులు వేసి బిగించాడు. ఇంక నడిపి చూడటమే మిగిలింది. “పొద్దున్నే నీళ్ళు పెట్టకపోతే నారంతా మాడిపోతుందన్నా” అని ఆవిడ బతిమాలి వెళ్ళింది.

“చీకట్లో అందులోకి పోకండి” అంది భార్య. “రేపటితో ఆ పీడ ఎలాగూ వదులుతుందిగా!”

“సగం పని వదిలేసి పోతే మా నాన్న ఊరుకుంటాడా...” అని, సగంలోనే ఆగిపోయాడు.

“ఆయనకేం తెలుస్తుందండీ ఇప్పుడు” అంది, జాలిగానే.

వాడు దిగి వచ్చాడు. షట్టరు సగం ఎత్తి, లైటు వేసి, తాడు లాగాడు. ఇంజను అందుకుంది. అందుకోగానే— టక్ టక్ టక్ టక్...

“ఓరి నీ దుంపతెగ!” అన్నాడు. కొత్తగా కట్టిన ఇంజను కొట్టుకుంటోంది.

ఫ్లైవీలు నట్టు వదులేమోనని బిగించి చూశాడు. గట్టిగానే ఉంది. కనెక్టింగ్ రాడ్డు ఆడుతోందా? కట్టేటప్పుడు పట్టుకుని చూసిందే, వెంట్రుకంత ఆట కూడా లేదు. కాసేపు నడిపాడు. వేడెక్కేకొద్దీ చప్పుడు మెత్తబడింది. మెత్తబడింది గానీ... దాని వెనకాల ఇంకో చప్పుడు ఉంది. ఇంజను వేగంతో పని లేకుండా, తన దారిన తను—

టక్.

పొడుగాటి స్క్రూడ్రైవరు తీసుకుని, మొన ఇంజను మీద ఆనించి, పిడి చెవికి పెట్టుకున్నాడు. లోపలి నుంచే వస్తోంది. స్విచ్ ఆపేశాడు. ఫ్లైవీలు తిరిగి తిరిగి నిలిచింది. షెడ్డంతా నిశ్శబ్దం. స్క్రూడ్రైవరు ఇంకా చెవి దగ్గరే ఉంది...

టక్.

ఆగిపోయిన ఇంజన్లోంచి!

మూలనున్న స్కూటరు వైపు చూడాలంటే భయం, చూడకుండా ఉండాలంటే ఇంకా భయం. పరుగెడదామనుకున్నాడు.

టక్... టక్... వరసగా కాదు. ఒకటి కొట్టి, ఆగి, మళ్ళీ ఒకటి.

ఒకటి కొట్టి ఆగడం! ఆ షెడ్డులో అదొక అలవాటు. ఇంజన్ల రొదలో మాట వినపడదని పెద్ద మేస్త్రి బల్ల మీద స్పానరుతో కొట్టేవాడు. ఒకటి కొడితే ‘ఆపు, తప్పు’. రెండు కొడితే ‘సరే, కానీ’. ఆ దెబ్బలు వింటూ పని నేర్చినవాడు చిన్న మేస్త్రి.

వాడు అక్కడే ఆగాడు. ఈసారి భయం కాదు, ఏమిటో వాడికీ తెలియలేదు. ‘చప్పుడు ఎక్కడ గట్టిగా వినిపిస్తే అక్కడే రోగంరా’ అని తండ్రి చెప్పిన మాట పట్టుకుని, స్క్రూడ్రైవరు ఇంజను మీంచి తీసి బల్ల మీద పెట్టాడు. చప్పుడు పెరిగింది. బల్లకున్న ఇనుప కమ్మీ మీద పెట్టాడు. ఇంకా పెరిగింది. ఆ కమ్మీ గోడలోంచి దూరి, అవతలి గదిలోకి పోయి ఉంది. గోడ దగ్గర పెట్టేసరికి చెవిలో సుత్తితో కొట్టినట్టయింది.

గోడకి అవతల... స్పేర్ పార్టుల గది.

తలుపు తోసుకుని లోపలికి పోయి లైటు వేశాడు.

తండ్రి వెల్లకిలా పడుకుని ఉన్నాడు, ఎప్పటిలాగే. మొహంలో ఏ కదలికా లేదు. వీడు మోకాళ్ళ మీద కూలబడి, మంచానికీ గోడకీ మధ్య ఎవరి కంటా పడని సందులోకి చూశాడు. దుప్పటి కింద ఎడమ చెయ్యి వేలాడుతోంది. మంచం కోడు గోడలోంచి వచ్చిన కమ్మీని ఆనుకుని ఉంది. వేలికి ఇత్తడి ఉంగరం. ఉంగరం కింద చర్మం చిట్లి, మానీ, మళ్ళీ చిట్లి ఉంది. వేలు లేచింది. కోడు మీద పడింది.

టక్.

“నాన్నా!” అన్నాడు. “నాన్నా... నువ్వేనా?”

టక్ టక్.

ఏం అడగాలో తెలియలేదు వాడికి. పనివాడు కదా, పనే నోటికొచ్చింది. “ఇంజను కొట్టుకుంటోంది నాన్నా. రాడ్డా?”

టక్. కాదు.

“పిస్టనా?”

టక్ టక్.

“పిస్టను... తిరగేసి పెట్టానా?”

టక్ టక్.

నిజమే మరి. పిస్టను నెత్తిన బాణం గుర్తు ఉంటుంది, అది పొగగొట్టం వైపే చూడాలి. కట్టేటప్పుడు వాడి కళ్ళు పిస్టను మీదున్నా, మనసు పొద్దున రాబోయే కారు మీద ఉంది. గోడ అవతలి నుంచి విని పట్టేశాడు పెద్దాయన! మాట పోయింది, ఒళ్ళు పోయింది, చెవి పోలేదు. రోజూ చీకటి పడి వీధి సద్దుమణిగాక పిలిచాడు. బతికున్న మనిషిని వీధి వీధంతా దెయ్యాన్ని చేసి కూర్చోబెట్టింది.

చిన్న మేస్త్రి ఆ చేతిని రెండు చేతుల్లోకి తీసుకుని, చిన్నపిల్లాడిలా వెక్కి వెక్కి ఏడ్చాడు. ఆ ఏడుపు విని భార్య మెట్లు దిగి వచ్చింది. గుమ్మంలోనే నిలబడిపోయింది.

“నాన్నకి అన్నీ తెలుస్తున్నాయే” అన్నాడు. “కారు వద్దని ఫోన్ చెయ్యి. ఈ షెడ్డూ వదలను, నాన్ననీ వదలను.”

ఆవిడ మామగారి మొహం వంకే చూస్తోంది. ఆశ్రమం మాట ఎత్తింది ఈ గదిలోనే. ఎన్నోసార్లు... పక్క మారుస్తూ, అన్నం పెడుతూ, ఆయన లేనట్టే, ఆయన మీదుగా మాట్లాడుకున్నారు.

మెల్లగా మంచం దగ్గరికొచ్చింది. మొగుడి చేతుల్లోంచి ఆ చేతిని విడిపించి, జాగ్రత్తగా మళ్ళీ మంచం కోడు మీద పెట్టింది.

“మామయ్యా...” అంది. “మేమనుకున్నవన్నీ... విన్నారా?”

ఆయన కంటి కొసన నీళ్ళు నిండి చెవిలోకి జారాయి. వేలు రెండుసార్లు లేచింది.

టక్... టక్.