నలభై ఒక్క సోమవారాలు

దుర్గమ్మ జొన్నరొట్టె కాలుస్తుంటే కొడుకు ఎల్లేష్ వచ్చి పొయ్యి పక్కనే కాగితం పెట్టాడు, దాని మీద పెన్ను పెట్టాడు.

"అమ్మా, ఈడ ఒక సంతకం పెట్టు. పదకొండింటికి వసాహత్‌ల మీటింగ్ ఉంది. నేను, బాపు పోయి ఇచ్చొస్తం."

వసాహత్ అంటే మహారాష్ట్రలో చంద్రపూర్ దాటి భద్రావతి పోయే దారిలో ఉన్న సహకార పారిశ్రామికవాడ. అందులో పదిహేడో నంబరు షెడ్డు వీళ్లది. బొగ్గు గనుల్లో బెల్టు కింద తిరిగే రోలర్లు అక్కడ తయారవుతాయి. షెడ్డు దుర్గమ్మ పేరు మీదే ఉంది. అంటే లచ్చయ్య పెళ్లాన్ని నెత్తిన పెట్టుకున్నాడని కాదు! ఆ రోజుల్లో ఆయన గనిలో ఫిట్టరు. కొలువులో ఉన్నవాడు బయట కార్ఖానా పెట్టకూడదని రూలు. అందుకని అప్పట్లో గని మనుషులు చాలామంది భార్యల పేర్లే సభ్యులుగా రాయించారు. అప్పటి నుంచి ఎక్కడ వేలు పెట్టి చూపిస్తే అక్కడ దుర్గమ్మ సంతకం పెడుతూనే ఉంది. మీటింగులకు చాయ్ పంపేది గానీ, ఒక్క మీటింగుకూ ఆమెను పిలిచినవాళ్లు లేరు.

"ఏముందిరా దీంట్ల?"

"గోదాముల కంపెనీ వాళ్లు మన లైన్ల తొమ్మిది షెడ్లు అడుగుతున్నరు. ఎనిమిది మంది ఒప్పుకున్నరు. మనది ఒక్కటే మిగిలింది. తొమ్మిది మంది ఒప్పుకుంటెనే పని అయితది."

స్నానం చేసి వస్తున్న కూతురు సుభాషిణి చెవిన ఆ మాట పడింది. తండ్రి చేతులు వణకడం మొదలైనప్పటి నుంచి, ఎనిమిదేళ్లుగా ఆ షెడ్డు నడిపేది ఆమే.

"మరి నా లేత్ మిషన్ ఏడ పెట్టుకోవాలె అన్నా? నీ నెత్తి మీదనా?"

"ఊకో పోరీ!" లచ్చయ్య మంచం మీది నుంచి కసిరాడు. "ఎన్ని దినాలు ఇనుముతోని కొట్లాడుతవ్? పక్క షెడ్లన్నీ మూతబడ్డయ్, కండ్లు కనబడ్తలేవా?"

"మనది నడుస్తుంది గదా బాపు! నాతోని నలుగురు ఆడోళ్లు పనిజేస్తున్నరు. రేపటి సంది రావద్దని వాళ్లకు నువ్వు చెప్తవా?"

దుర్గమ్మ అట్లకాడ పక్కన పెట్టింది. "షెడ్డు నా పేరు మీద ఉన్నది గదా. నన్ను ఒక్క మాట అడగాలె అనిపియ్యలేదా మీకు?"

లచ్చయ్య నవ్వాడు. ఆ నవ్వే ఆయన కొంప ముంచింది.

"పేరుకే నీది దుర్గా. దానికోసం నువ్వేం కష్టపడ్డవని?"

పెనం మీద రొట్టె మాడుతోంది. దుర్గమ్మ దాన్ని తిప్పలేదు. పొయ్యి ఆర్పేసి, కొంగుతో చేతులు తుడుచుకుని, పెన్ను తీసి కొడుకు జేబులో పెట్టింది.

"నేను సంతకం పెట్ట. మీటింగ్‌కు నేనే పోత."

"నీకు మరాఠీ చదువరాదు, ఆడ ఏం మాట్లాడుతవమ్మా?"

"చదువరాకపోతే ఏంది? నోరున్నది గదా!"

వసాహత్ ఆఫీసులో దుర్గమ్మ ముందు వరుసలో కూర్చుంది, పక్కన సుభాషిణి. తండ్రీకొడుకులు వెనక నిలబడ్డారు. అధ్యక్షుడు సమ్మన్న, ఒకప్పుడు కొలిమి పెట్టుకున్న ముసలాయన, ఆమెను చూసి లేచి నమస్కారం చేశాడు.

"సభ్యురాలే వచ్చింది, ఇంక ఆమెనే చెప్పాలె," అన్నాడు. బీరువాలోంచి అట్ట ఊడిన రిజిస్టరు తీశాడు. "కొత్తోళ్లకు ఎరుక లేదు గానీ, ఈ జాగ మనకు ఇచ్చిననాడు అంతా బండలే. రోడ్డు లేదు, బాయి లేదు. ప్రతి సోమవారం సభ్యులింటి నుంచి ఒక్కలొచ్చి శ్రమదానం జెయ్యాలని కట్టుబాటు పెట్టుకున్నం. నలభై ఒక్క సోమవారాలకు రోడ్డు పడ్డది. ఇగో, పదిహేడో నంబరు. దుర్గాబాయి, హాజర్. దుర్గాబాయి, హాజర్. ఒక్క నాగా లేదు."

లచ్చయ్య ముందుకొచ్చి తొంగిచూశాడు. ఆ సోమవారాలు ఆయనకు గనిలో డ్యూటీ. ఆమె ఏదో పోయి నిలబడి వస్తుందనుకున్నాడు. మొదటి పన్నెండు వారాలూ వేలిముద్రలే. పదమూడో వారం నుంచి వంకరటింకర తెలుగక్షరాలు. పోనుపోను అవి కుదురుకున్నాయి.

"ఆ సంతకం నేను ఈడనే నేర్చుకున్న," దుర్గమ్మ లేచింది. "బండలు మోసుకుంట నేర్చుకున్న. గోదాములోళ్లకు ఇచ్చేతందుకు నేర్చుకోలే. నేనియ్య! నా బిడ్డ నడుపుతది, నడిపినన్ని దినాలు పదిహేడో నంబరు బంద్ గాదు. రాసుకోండ్రి!"

"అమ్మా, నలుగురిల ఇజ్జత్ తీస్తున్నవ్," ఎల్లేష్ పళ్లు కొరికాడు.

"ఇజ్జతా? నువ్వు ఈ రోడ్డు పక్కనే గంపల పండుకునేటోనివి కొడుకా. నువ్వు ఏడిస్తే బండ దించి పాలిచ్చి, మల్ల ఎత్తుకునేదాన్ని. ఆ రోడ్డు మీద నిలబడి నాకు ఇజ్జత్ చెప్తున్నవా?"

ఆ ఎనిమిది మందిలో ఇద్దరు లేచి తమ కాగితాలు వెనక్కి ఇమ్మన్నారు. సుభాషిణి తల్లి చెయ్యి పట్టుకుని వెక్కివెక్కి ఏడ్చింది.

బయటికొచ్చాక లచ్చయ్య గేటు దగ్గర ఆగిపోయాడు. "నలభై ఒక్క వారాలు! ఒక్కసారన్న చెప్పకపోతివి దుర్గా."

"నువ్వు ఒక్కసారన్న అడిగినవా?"

లచ్చయ్య తువ్వాలుతో కళ్లు ఒత్తుకున్నాడు. పొద్దున తాను నవ్విన నవ్వు గుర్తొచ్చి సిగ్గుతో తల దించుకున్నాడు.

వసాహత్ రోడ్డంతా గుంతలు పడి ఉంది. మళ్లీ శ్రమదానం పెట్టుకుందామని ఆ మీటింగులోనే అనుకున్నారు. సోమవారం తెల్లవారగానే దుర్గమ్మ వచ్చేసరికి ఎల్లేష్ అప్పటికే గడ్డపార పట్టుకుని తవ్వుతున్నాడు. తల్లిని చూసి తల దించుకున్నాడు.

"అమ్మా, చాయ్ తెచ్చినవా?"

"ఇయ్యాల నువ్వు తే కొడుకా."

గేటు దగ్గర సమ్మన్న రిజిస్టరు తెరిచి కూర్చున్నాడు. ఎదురుగా లచ్చయ్య, వణికే చేతుల్లో ఖాళీ గంపతో నిలబడ్డాడు.

"ఎవల తరఫున వచ్చినవ్ లచ్చన్నా?"

"పదిహేడో నంబరు," అన్నాడు లచ్చయ్య, అందరికీ వినపడేలా. "దుర్గమ్మ తరఫున."