శనివారం క్యారియర్

శనివారం మా కంపెనీకి సెలవు. అయినా నేను రాయదుర్గంలోని మా ఆఫీసు టవర్‌కి వెళ్లేవాణ్ణి, గేటు దగ్గర సెక్యూరిటీ గార్డు లింగయ్యకు పదో తరగతి లెక్కలు చెప్పడానికి. ఆయనకు యాభై ఒకటి. పది పాసైతే సూపర్‌వైజర్ పోస్టు ఇస్తామన్నారు. లెక్కలు మాత్రం అప్పటికే రెండుసార్లు తప్పాయి.

జూలైలో ఓ మధ్యాహ్నం గార్డు రూమ్‌లోకి ఒకమ్మాయి విసురుగా వచ్చింది.

“లోహిత్ సార్ అంటే మీరేనా? నేను నవనీత, ఈయన బిడ్డను. ఇంట్ల గిన్నెలన్నిటికీ దారం చుట్టి కొలుస్తుండు. మా అమ్మ గాజులు గూడ వదల్లే!”

“అది పై విలువ కోసమండి. చుట్టుకొలతని వ్యాసంతో...”

“నాకెరుకే, బీఎస్సీ చదివిన. మూడోసారి గూడ పోతే నాయిన మల్ల పుస్తకం ముట్టడు. మీకిది టైంపాస్ అయితే ఇప్పుడే చెప్పుండ్రి.”

గొంతు కోపంగానే ఉంది. కళ్లు మాత్రం తడిగా ఉన్నాయి.

లింగయ్య దారం వదల్లేదు. “నువ్వాగు బిడ్డా. సారూ, చిన్న గాజుకూ బువ్వ వండే పెద్ద గంజుకూ అదే మూడు, మీద జరంత. ఎందుకట్ల?”

నిజం చెప్పొద్దూ, బీటెక్ నాలుగేళ్లలో ఆ ప్రశ్న నాకు తట్టనేలేదు. వారమంతా దాంతోనే కుస్తీ పట్టి, అట్టముక్కలు కోసుకుని వెళ్లాను. ఆ శనివారం నవనీత మళ్లీ వచ్చింది, చేతిలో క్యారియర్‌తో.

“నాయినకు బువ్వ,” అని బల్ల మీద పెట్టి, పాఠం అయ్యేదాకా కూర్చుంది.

“నాకు ఆకలి లేదు. మీరు తినుండ్రి సారూ,” అన్నాడు లింగయ్య.

ప్రతి శనివారం అదే వరస. పాపం, పెద్దాయన తన ముద్ద నాకు పెడుతున్నాడని సిగ్గుపడుతూనే తినేవాణ్ణి.

“సర్వపిండి కారమయిందా?” అనేది నవనీత.

“అబ్బే, లేదండి,” అనేవాణ్ణి కళ్లు తుడుచుకుంటూ. ఆమె పకపకా నవ్వేది.

ఆ నవ్వుకు నేను పడిపోయాను. కానీ చెప్పడమెలా? పిల్ల కోసమే వస్తున్నాడనుకుని లింగయ్య చదువు మానేస్తే? ఆయన పాసయ్యేదాకా నోరు కుట్టేసుకున్నాను.

నవంబర్‌లో ఫలితాలొచ్చాయి. లెక్కల్లో యాభై ఎనిమిది! లింగయ్య నన్ను గట్టిగా వాటేసుకుని, తర్వాత నోట్‌బుక్ తెరిచాడు.

“మీరు నేర్పిన బార్ గ్రాఫే సారూ. విజిటర్ రిజిస్టర్ల నా బిడ్డ పేరు లెక్కవెట్టిన. రెండేండ్ల సంది సున్న. జూలైల రెండు. ఆగస్టుల అయిదు. ఇగ ఒక్క శనివారం తప్పలే.”

“లింగయ్యగారూ, నేను...”

“ఆగుండ్రి. శనివారం నాకు ఒక్కపొద్దు. పగటీలి బువ్వ ముట్ట. పెండ్లయిన కాన్నుంచి గంతే. ఇంట్ల అందరికెరుకే.”

అంటే ఆ క్యారియర్... ఇన్ని వారాలూ నాకేనా!

“మరి ఇన్నాళ్లూ ఏమీ అనలేదేమండీ?”

“అంటే మీరు సిగ్గువడి రాకపోదురు. నాకు పరీక్ష ఉండె గద!” అని నవ్వాడు. “నా ఇంటామె సత్తెమ్మకు గూడ చెప్పిన. మీ అమ్మనాయినలను తోల్కరాండ్రి.”

అంతలో నవనీత వచ్చింది. లింగయ్య రిజిస్టర్ ముందుకు జరిపాడు. ‘ఎవరిని కలవాలి’ అన్న గడిలో ప్రతివారం లింగయ్య అనే రాసేది. ఈసారి పెన్ను పట్టుకుని తండ్రిని చూసింది, తెరిచి ఉన్న గ్రాఫ్‌ను చూసింది. చెవులదాకా ఎర్రబడి, తల వంచుకుని రాసింది.

తొంగి చూశాను. లోహిత్.

“ఏంది చూస్తున్నరు? జర జరుగుండ్రి,” అంది, క్యారియర్ నా చేతికిస్తూ. “సల్లారుతది.”