పరగడుపు మొక్కు

పాపాయమ్మ కోడలి బట్టల మూటను గడప బయట పెట్టింది. పెట్టి, ముఖం తిప్పుకుంది.

"పొద్దెక్కాక మీ అన్న వస్తాడు, వెళ్లిపోవే మరిడమ్మా... నా కొడుకు బతికుంటే అదే చాలు నాకు!"

మరిడమ్మకు ఏడుపు కూడా రాలేదు. ఏమని ఏడుస్తుంది! నాలుగు నెలలుగా మొగుడు బుల్లియ్య కడుపు నొప్పితో చిక్కి సగమయ్యాడు. పొరుగూరి పసరువాడొకడు వచ్చి, ఏదో తాగించి, భళ్లున కక్కించి, "ఇంటి ఆడదే అన్నంలో మందు కలిపింది, మొగుణ్ణి కొంగున కట్టుకోవాలని!" అనేశాడు. అంతే! ఆ రోజు నుంచి ఆమెను పొయ్యి దగ్గరికి రానివ్వలేదు. వారం రోజులు అత్తే వండి పెట్టింది. నొప్పి మాత్రం పిసరంతైనా తగ్గలేదు!

తల్లి మాటకు ఏనాడూ ఎదురు చెప్పని బుల్లియ్య, ఆ పొద్దున మాత్రం పెందలాడే వెళ్లి ద్రాక్షారామం నుంచి గంగరాజు వైద్యులుగారిని పడవలో తీసుకొచ్చాడు. ఆయన చెయ్యి పట్టి చూసి, పొట్ట నొక్కి చూసి, అడిగారు.

"నొప్పి ఎప్పుడొస్తుందిరా? తిన్నాకా, తినకముందా?"

"ఎప్పుడూ ఉంటదండి..." నసిగాడు బుల్లియ్య.

తలుపు చాటున ఉన్న మరిడమ్మ ఇక ఉండబట్టలేకపోయింది. "కాదండయ్యగారూ! పరగడుపునే చుట్ట కాల్చుకుని చేపల వేటకెళ్తారండి, వచ్చేసరికి డొక్క పట్టుకుని ముడుచుకుపోతారండి... రెండు ముద్దలు లోపలికెళ్లాయో లేదో, ముఖం తేటపడుతుందండి. రోజూ చూస్తున్నానండి!"

వైద్యులుగారు పాపాయమ్మ వైపు తిరిగారు. "విన్నావా అమ్మా? ఈ పిల్ల వంటలో దోషముంటే తిన్నాక కదా నొప్పి రావాలి? అన్నాన్ని అరిగించే పైత్యరసం, అన్నం లేకపోతే కడుపునే కాలుస్తుంది. పైగా వీడు పరగడుపునే చుట్ట కాలుస్తాడు! ఇంతకీ ఏమీ తినకుండా వేటకెందుకు పంపుతున్నావు?"

పాపాయమ్మ గోదారి వైపు చూసింది. "వీళ్ల నాన్న గోదాట్లో పోయాడండి... రోజూ మొదటి చేపను గంగమ్మకు వదిలేదాకా నా కొడుకు ఎంగిలిపడడని మొక్కుకున్నానండి. వాడు చల్లగా ఉండాలనేనండి... నేనే, నా చేతుల్తో నేనే వాణ్ణి కాల్చుకున్నానండీ!"

"తెలియక చేశావులే. తెల్లారగానే మజ్జిగన్నం తిని పడవెక్కాలి. చుట్ట మానాలి, కారం తగ్గించాలి. విరేచనం నల్లగా అయితే మాత్రం లోపల నెత్తురు కారుతున్నట్టే, వెంటనే కబురంపండి."

అన్న వచ్చేసరికి మూట మళ్లీ దండెం కిందికి చేరింది. అయితే మొక్కో? దాన్ని పాపాయమ్మ తన మీద వేసుకుంది. "వాడి బదులు నేను పస్తుంటాను తల్లీ, నన్ను లెక్కలో వేసుకో!" అని గోదారికి దణ్ణం పెట్టింది.

మర్నాడు బుల్లియ్య కడుపునిండా తిని వేటకెళ్లాడు. అత్త గుమ్మంలో కూర్చుంది. పక్కనే కోడలూ చతికిలబడింది.

"మొక్కు నాదే, నువ్వెందుకు మాడటం? తినవే!"

"మీరిలా కూర్చుంటే నాకెలా దిగుతుంది అత్తయ్యా?"

"ఓసి నీ మొండితనం! నీ కడుపూ కాలితే అప్పుడా వైద్యుడు నన్ను తంతాడే!"

ఇద్దరికీ నవ్వొచ్చింది... నవ్వుతూనే పాపాయమ్మ కళ్లు తుడుచుకుంది.

మిట్టమధ్యాహ్నానికి పడవ రేవుకొచ్చింది. మొదటి చేపను వదిలేశానని బుల్లియ్య అక్కణ్ణుంచే కేకేశాడు. మరిడమ్మ తను వండిన అన్నం గిన్నె తెచ్చి అత్త ముందు పెట్టింది. పాపాయమ్మ చెయ్యి కడుక్కోలేదు. చిన్నపిల్లలా నోరు తెరిచి, "నువ్వే కలిపి పెట్టవే అమ్మీ..." అంది.