అరువు నిప్పు

నిప్పును పుట్టించిన దేవుడు, అది ఎవరి చేతిలో పడుతుందో చూసుకోడా?... దండం పెట్టుకున్నప్పుడల్లా ఈ సందేహం నన్ను ఏళ్ల తరబడి వేధిస్తోంది. మా నానమ్మకు జరిగింది చెబుతాను, మీరే ఆలోచించండి.

సంధ్యవేళ! ఆకాశం మసిబారింది. ఉరుముల మధ్య చూరులో గుడ్లగూబ కూసింది. వెనకగదిలో మా నానమ్మ తోడికోడలు, ఆ ఇంటి పెద్దకోడలు, గడియ పెట్టుకుని కపాలం ముందు కూర్చుంది. అందులో ఒక నిప్పుకణిక... తరతరాలుగా ఆరని కణిక!

అది అరువమ్మల నిప్పు. ఆ మంత్రగత్తెల కూటమి పుట్టింది ఈ ఇస్త్రీవాళ్ల ఇంట్లోనే. ఒకనాటి పెద్దకోడలు ఓర్వలేనితనంతో, చిన్నకోడలి పొయ్యిలోంచి కణిక అరువడిగి తిరిగి ఇవ్వలేదు. చిన్నకోడలు చలికి వణికి వణికి ప్రాణం విడిచింది. ఆమె కపాలంలోనే ఆ కణికను దాచి, పెద్దకోడలు తనలాంటి అసూయాపరులను చేరదీసింది. దొంగిలించరాదు, నవ్వుతూ అరువడగాలి... ఇదీ వాళ్ల ఆచారం. వస్తువు చేతికొస్తే, ఇచ్చినవాళ్ల ప్రాణం చేతికొచ్చినట్టే! అయితే తమనెవరైనా అరువడిగితే లేదనరాదు. లేదన్నారో, విద్య నశిస్తుంది. కూటమి పెద్దరికం మాత్రం ఈ ఇంటి పెద్దకోడళ్లదే.

ఈ పెద్దకోడలి కడుపుమంట అంతా చిన్నకోడలైన మా నానమ్మ మీద. నానమ్మ ఇస్త్రీ పెట్టె పడితే చొక్కా కాలరు కత్తిలా నిలిచేది. ఆ ఉదయమే హోటలు మేనేజరు దుప్పట్లు తెచ్చి, "ఇవి చిన్నావిడకే ఇవ్వండి బాబూ. పెద్దావిడ చేతికిస్తే ఆవిడ నుదుటి ముడతలన్నీ వీటికొస్తాయి!" అన్నాడు.

అందరూ నవ్వారు. పెద్దకోడలూ నవ్వింది.

"చెల్లీ, నీ దువ్వెన ఒకసారి ఇస్తావా?"

"దానికి అడగాలా అక్కా? తీసుకో."

ఇప్పుడా దువ్వెన కపాలం ముందు పొగలు కక్కుతోంది!

"ఆరిపో!... నీ చేతుల్లో వేడి ఆరిపో!"

ముందుగదిలో నానమ్మ కెవ్వున అరిచింది! కళ్లు తేలిపోయాయి, పెదవులు నీలమయ్యాయి. పొయ్యి ఆరింది. ఇస్త్రీ పెట్టెలో బొగ్గులు నల్లబడ్డాయి. ఆమె గొంతులోంచి ఎవరిదో పాతకాలపు స్వరం... "చలి... చలి..."

"నా తల్లీ, ఇటు చూడమ్మా!" అని అత్తగారు అరిచేతులు రుద్దుతూనే ఉంది. నానమ్మ ఆ చేతులు విదిల్చుకుని, ఇస్త్రీ పెట్టెతో తూలుతూ వెళ్లి వెనకగది తలుపు తట్టింది.

"అక్కా... కాస్త నిప్పు ఇస్తావా?"

తలుపు తెరుచుకుంది. ఇల్లంతటికీ మిగిలింది కపాలంలోని కణిక ఒక్కటే. లేదనడానికి వీల్లేదు. అయినా లేదనాలని పెద్దకోడలికి అనిపిస్తేగా! లోకమంతా మెచ్చుకునే ఆ చెయ్యి, ఇన్నాళ్లకు తన ముందు చాచుకుంది!

"అడుక్కో! మళ్లీ అడుక్కో!"

"అక్కా... నిప్పు..."

పెద్దకోడలు విరగబడి నవ్వి, పట్టకారుతో కణికను తీసి ఇస్త్రీ పెట్టెలో పడేసింది. "తీసుకోవే! నువ్వు చచ్చాక నేనే వచ్చి తెచ్చుకుంటా!"

పిడుగు పడింది! తలుపు దభాలున మూసుకుంది. పట్టకారు పట్టిన వేళ్లు మంచుగడ్డలయ్యాయి... ఆ చలి మోచేతికి, భుజానికి, గొంతుకు పాకింది. అప్పుడు తట్టింది ఆమెకు! ఈ ఇంటి పెద్దకోడలు, ఈ ఇంటి చిన్నకోడలి చేతికి, ఆ నిప్పును తిరిగి ఇచ్చేసింది! అరువు తీరింది... అరువుతో పుట్టిన విద్యా తీరింది!

"ఇటివ్వు!... నా ని..."

మాట నోట్లోనే గడ్డకట్టింది. ఆమె ఆరిన కణికలా నిలువునా బూడిదై రాలింది.

తలుపుకు ఇవతల నానమ్మ చేతుల్లోకి వెచ్చదనం పాకింది. చూపు తిరిగొచ్చింది. లోపల ఏమైందో ఎరగని ఆ పిచ్చిది, "దుప్పట్లు అవగానే తిరిగి ఇచ్చేస్తానక్కా!" అని కేకేసింది.

చీకటి కపాలంలోంచి, చలి తీరిన గొంతు ఒకటి మెల్లగా పలికింది.

"వద్దమ్మా... అది మనదే."